తీగలు తెగిననాటికి సాధన
(బరంపురమున జరిగిన సభలో చేసిన ఉపన్యాసము యొక్క పాఠము)



ఔత్సాహిక రేడియోను గూర్చియు, అందు పాల్గొనువారు ఇల్లు విడిచి ఆరుబయట నడుపు వారాంతపు శిబిరములను గూర్చియు మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. మన పాఠశాలలు, గ్రంథాలయము, పిల్లల తెలుగు చదువు మొదలగు విషయములు చర్చించుకొను ఈ వేదికపై రేడియోకు తావెక్కడిదని కొందఱికి తోచవచ్చును. ఈ రెంటికిని గల సంబంధమును చివర మనవి చేసెదను. ముందు విషయమును వివరింతును.

ఔత్సాహిక రేడియో అనగా మనము పాటలును వార్తలును వినెడి రేడియో కాదు. ప్రభుత్వము వారి పరీక్షలో ఉత్తీర్ణుడై, అనుమతి పత్రమును, తనకు మాత్రమే చెందిన పిలుపు గుర్తును పొందిన వ్యక్తి, తన సొంత యంత్రముతో తనవంటి మఱియొకనితో సంభాషించుట దీని స్వరూపము. ఇట్టివారిని లోకమంతటను హాములందురు. మన దేశపు హాముల పిలుపు గుర్తులు సాధారణముగా వి.యు. అను అక్షరములతో ఆరంభమగును. దీనిపై వ్యాపారము చేయరాదు. ప్రకటనలు, సంగీతము ప్రసారము చేయరాదు. రహస్య సంకేతములలో మాటలాడరాదు. ఇందులో జీతము లేదు, లాభము లేదు. అయినను ఇంజనీర్లు, ఉపాధ్యాయులు, దుకాణదారులు, విద్యార్థులు, గృహిణులు దీనికై తమ తీరిక కాలమును వెచ్చించుచున్నారు.

అమెరికన్ రేడియో రిలే లీగ్ అను సంస్థ 1914లో ఏర్పడెను. అది 1933 జూన్ నెలలో తన సభ్యులకొక సాధన ఏర్పఱచెను. యంత్రములను ఇంటినుండి బయటకు గొనిపోవలెను. ఆరుబయట నెలకొల్పవలెను. అక్కడనుండి ఎందఱితో మాటలాడగలరో చూపవలెను. దీనికి ఫీల్డ్ డే అని పేరు. మనము మైదాన దినమని చెప్పుకొనవచ్చును. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున అమెరికా ప్రభుత్వము హాముల ప్రసారములను నిలిపివేయుటచే కొన్ని సంవత్సరములు ఇది జరుగలేదు. తక్కిన కాలమంతయు నేటి వఱకును జరుగుచునేయున్నది.

ఇప్పుడు జూన్ నెలలోని నాలుగవ వారాంతము దీనికి నియతమైయున్నది. గ్రీనిచ్ కాలమానము ప్రకారము శనివారము సాయంకాలము 6 గంటలకు మొదలై, ఆదివారము రాత్రి 9 గంటలకు ముగియును. మొదలగునప్పుడు మన గడియారములలో శనివారము రాత్రి 11-30 అగును. ముందుగానే యంత్రములను నెలకొల్పుకొనినవారు వరుసగా 24 గంటలు పనిచేయవచ్చును. సమయము మొదలైన పిదపనే గుడారము వేయనారంభించినవారికి 27 గంటలును లభించును. ఇందు అధికారముగా పాల్గొనుటకు అమెరికా ఖండములవారికే అర్హత. మన హాములు వారి పిలుపునకు జవాబీయవచ్చును. ఆ సంభాషణ వారి లెక్కలో చేరును గాని మన పేర లెక్క యుండదు.

దీని మార్కుల పద్ధతిని చూచినచో దీని ఉద్దేశము బోధపడును. మాటతో చేసిన సంభాషణ యొక్కింటికి 1 మార్కు. మోర్సు సంకేతములతో చేసినదానికి 2 మార్కులు. యంత్రము 5 వాట్లకు మించని శక్తితో, బ్యాటరీపైననో సూర్యరశ్మిపైననో నడిచినచో మొత్తమును 5 చేత హెచ్చింతురు. 100 వాట్ల వఱకు వాడినవారికి 2 చేత మాత్రమే. అనగా పెద్ద యంత్రము గలవానికంటె చిన్న యంత్రముతో పని సాధించినవానికే గౌరవ మధికము. మఱియు కరెంటు తీగతో సంబంధము లేకుండ నడుపువారికి, పదిమంది చూచు బహిరంగ స్థలమున శిబిరము వేసినవారికి, పద్ధతి ప్రకారము వ్రాసిన సందేశమును ఆకాశమార్గమున చేర్చినవారికి, పిల్లలచేత మాటలాడించినవారికి, శిబిరపు భద్రత చూచుటకు ఒకరిని నియమించినవారికి అదనపు మార్కులు కలవు. ఆటవలె కనబడునదే గాని, ఈ పట్టికలోని ప్రతి పంక్తియు ఆపద్దినమున అవసరమగు ఒక పనికి శిక్షణము.

మన దేశమునకును ఇట్టి ఆరుబయటి వారాంతములు లేకపోలేదు. ఆగస్టు నెలలోని మూడవ వారాంతమున లోకమందలి హాములు సముద్రతీరములందలి దీపస్తంభముల చెంతకు చేరి, అక్కడనుండి సంభాషింతురు. స్కాట్లండు దేశపు హాముల ప్రయత్నమున 1998 నుండి ఇది సాగుచున్నది. ఇందు మార్కులు లేవు, బహుమతులు లేవు. మన దేశపు హాములును ఇందు పాల్గొనుచున్నారు. అట్టి శిబిరములందు నేను చూచినదానిని సంగ్రహముగా మీకు చెప్పెదను.

మొదటి పని స్థలమును చూచుకొనుట. విద్యుత్తు స్తంభముల తీగలకు దూరముగా నుండవలెను. మన వెదురు బొంగు ఏ దిక్కునకు కూలినను ఆ తీగలను తాకరానంత దూరము విడువవలెను. ఇది మొదటి నియమము. దీనికి మినహాయింపు లేదు. రెండవది మెఱుపు. ఆగస్టున ఉఱుము వినబడెనా, ఏరియలు తీగను యంత్రమునుండి ఊడదీసి దూరముగా జరుగవలెను. ఎంత దూరపు దేశమువాడు పిలుచుచున్నను సరే, ఆ పిలుపును వదలుకొనవలెను.

రెండవ పని ఏరియలు కట్టుట. 40 మీటర్ల పట్టీ అను 7 మెగాహెర్ట్జ్ పట్టీకి కావలసినది సుమారు 20 మీటర్ల రాగి తీగ. దానిని నడుమ ఖండించి, ఇరువైపుల పదేసి మీటర్లుగా చేసి, నడిమి భాగమునుండి కేబులును యంత్రమునకు దింపవలెను. మన తీరమున సరుగుడు తోటలు కలవు. చేపలు పట్టు గాలపు త్రాడునకు సీసపు గుండు కట్టి కొమ్మమీదుగా విసరి, ఆ త్రాడుతో తీగను పైకి లాగుదుము. ఈ పనిలో హాములకంటె జాలరి బాలురు నేర్పరులు. పట్టణపు యువకులు పది మారులు విసరి అలసిపోయినచోట ఒక బాలుడు ఒక్క విసరుతో గుండును కొమ్మ దాటించుట నేను చూచితిని.

ఈ తీగను ఎంత ఎత్తున కట్టవలెననునది చాల ముఖ్యమైన విషయము. ఎత్తుగా కట్టిన తీగ తరంగములను దిక్చక్రము వైపునకు పంపును. అవి దూరదేశములకు పోవును. అయిదాఱు మీటర్ల ఎత్తున మాత్రమే కట్టినచో తరంగములు నిలువుగా పైకి పోయి, భూమికి చాల ఎత్తున నుండు అయనావరణమున ప్రతిఫలించి, చుట్టుప్రక్కల మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర వాన చినుకులవలె దిగును. దూరదేశములతో సంభాషింపగోరువానికి ఇది లోపము. తుపాను పడిన జిల్లాలో నుండి రాజధానితో మాటలాడవలసినవానికి ఇదే వరము. పొడవైన స్తంభము అక్కఱలేదు, రెండు పొట్టి బొంగులు చాలును. పుస్తకమున చదివిన ఈ సంగతి, పగటివేళ తీగను దింపి, ఎత్తి, రెండు విధముల విని చూచిననాడు గాని మనసునకు పట్టదు.

మూడవది శక్తి. ఇంట నుండగా ఎవరును దీనిని లెక్కింపరు. 100 వాట్ల యంత్రము వినునప్పుడు సుమారు ఒక ఆంపియరును, పంపునప్పుడు సుమారు 20 ఆంపియర్లను త్రాగును. నాలుగింట ఒక పాలు కాలము పంపుచున్నామనుకొన్నను, 24 గంటలకు 130 ఆంపియర్ గంటలు దాటును. 100 ఆంపియర్ గంటల బ్యాటరీ తెల్లవారుసరికి చేతులెత్తును. అదే 5 వాట్ల యంత్రమైనచో ఆ బ్యాటరీపై మూడు నాలుగు దినములు నడచును. శక్తి ఇరువది రెట్లు తగ్గెనే, మాట చేరునా అని మీరడుగవచ్చును. అవతలివాని యంత్రముపై బలమును చూపు సూచికయందు ఒక్కొక్క గీతకు శక్తిలో నాలుగు రెట్లు భేదము. కావున ఇరువది రెట్లు తగ్గినను సూచిక రెండు గీతలకు కొంచెము మించి దిగును, అంతే. ఆకాశము అనుకూలించినప్పుడు ఆ చిన్న గొంతును స్పష్టముగా వినబడును. మైదాన దినపు నియమములలో 5 వాట్లవారికి అంత గౌరవమేలనో ఇప్పుడు తెలియును.

ఇక రాత్రి. పగటివేళ 40 మీటర్ల పట్టీలో కొన్ని వందల కిలోమీటర్ల లోపలివారే వినబడుదురు. ప్రొద్దు క్రుంకగానే పొరుగువారు మెల్లగా మఱుగై, వేల కిలోమీటర్ల అవతలివారు పైకి వత్తురు. అర్ధరాత్రి దాటిన తరువాత మంచు పడును, దోమలు కుట్టును, నిద్ర ముంచుకొని వచ్చును. అప్పుడే పిలుపు గుర్తులు తప్పుగా వినబడును, పట్టికలో కాలము తప్పు పడును. అందుచేత రెండేసి గంటలకొకసారి మనిషి మాఱవలెను. ఒకడు మాటలాడుచుండగా మఱియొకడు ప్రక్కన కూర్చుండి వ్రాయవలెను. ఇంట నిర్దోషముగా పనిచేసిన అతుకు మైదానపు తేమలో విడిపోవును. దివిటీ బ్యాటరీలు తెచ్చినవారుందురు గాని దివిటీ ఎక్కడ పెట్టినదియు ఎవరికిని తెలియదు. అదనపు ఫ్యూజు లేక ఒక పూట వృథా యగును. ఈ లోపములు వారాంతమున బయటపడినచో నవ్వుకొని సరిదిద్దుకొందుము. తుపాను రాత్రి బయటపడినచో సరిదిద్దుకొనుటకు అంగడి యుండదు. ఆరుబయటి శిబిరమునకు గల ప్రయోజనమంతయు ఈ ఒక్క మాటలో నున్నది.

మన కుటుంబములు నివసించు ఊళ్లను ఒక్కసారి తలచుకొనుడు. 1977 నవంబరు 19న దివిసీమలో సముద్రము పొంగి వేలకొలది జనులు మరణించిరి. 1996 నవంబరు 6న కోనసీమ, యానాము ప్రాంతములు తుపానుచే నష్టపడినవి. 1999 అక్టోబరు 29న ఒడిశా తీరమును తాకిన మహా తుపానులో సుమారు పదివేలమంది చనిపోయిరి. విద్యుత్తు, టెలిఫోను తీగలు నేలగూలినవి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను ఇక్కడికి అతి సమీపమున గోపాలపురము వద్దనే తీరము దాటెను. సరిగా ఏడాది తరువాత, 2014లో అదే తేదీన, హుద్‌హుద్ విశాఖపట్టణమును ధ్వంసము చేసెను. 2015 డిసెంబరులో మద్రాసు నగరము నీట మునిగెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి, శ్రీకాకుళము, గంజాము, గజపతి జిల్లాలను బాధించెను.

ఫైలిన్ నాటికి ముందస్తు హెచ్చరిక సకాలమున అందినందున లక్షలాది జనులను తరలించిరి; 1999తో పోల్చినచో ప్రాణనష్టము స్వల్పము. ఒక్క మాట సకాలమున చేరుటవలన ఎన్ని ప్రాణములు నిలుచునో దీనివలన ఎఱుగవచ్చును. అయితే హెచ్చరిక తుపానునకు ముందటి మాట. తుపాను వెడలిన మఱునాడు ఏ ఊరిలో నీరు లేదో, ఎక్కడ గర్భిణికి వైద్యము కావలెనో, ఏ దారి తెగెనో తెలుపు మాట వేఱు. అందఱి చేతులలోను సెల్‌ఫోనులుండగా రేడియో ఏలయని అడుగువారు కలరు. ఆ ఫోను పలుకుటకు ఒక టవరు నిలిచియుండవలెను. టవరునకు విద్యుత్తు కావలెను. విద్యుత్తు పోయినచో బ్యాటరీయో, డీజిలు యంత్రమో కావలెను. డీజిలు తెచ్చు లారీకి దారి యుండవలెను. గొలుసులో ఒక్క కొలికి ఊడినను చేతిలోని ఫోను మూగదగును. రెండు బొంగులు, ఒక తీగ, ఒక బ్యాటరీ, ఇద్దఱు మనుష్యులు చాలును రేడియోకు.

ఇది ఊహ కాదనుటకు ఒక్క నిదర్శనము చెప్పెదను. హైదరాబాదులో 1983లో స్థాపింపబడిన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ తరఫున 2004 డిసెంబరులో శ్రీమతి భారతీప్రసాదుగారి నాయకత్వమున ఒక బృందము అండమాను దీవులలోని పోర్ట్‌బ్లెయిరునకు వెడలెను. 1987 తరువాత ఆ దీవులనుండి హాముల గొంతు వినబడలేదు. కావున లోకమందలి హాములు వేలకొలదిగా వారిని పిలుచుచుండిరి. వారు పోయినది సరదా సంభాషణమునకే. డిసెంబరు 26 తెల్లవారుజామున భూమి కంపించెను. వెనువెంటనే సునామీ వచ్చెను. దీవులకును ప్రధాన భూభాగమునకును గల సంబంధములు తెగిపోయినవి. ఆ బృందము వినోదపు సంభాషణను ఆ క్షణముననే ఆపి, అవే యంత్రములతో అత్యవసర వార్తలు పంపసాగెను. తమవారు బ్రదికియున్నారో లేరో తెలియక తపించు కుటుంబములకు వార్తలు చేర్చెను. బృందములోని కొందఱు కార్ నికోబారు దీవికి కూడ పోయి పనిచేసిరి. ఇంటికి దూరముగా, తెచ్చుకొనిన సామగ్రితో రేడియో నడుపు అభ్యాసము వారికి ముందే యుండుటచేతనే అది సాధ్యమయ్యెను. నాయకురాలు స్త్రీ యనియు మన ఆడపిల్లలు గమనింతురుగాక.

ఇక మొదట వాయిదా వేసిన ప్రశ్నకు వచ్చెదను. మన సంఘమునకును దీనికిని ఏమి సంబంధము?

శిబిరములందు అభ్యసించు పనులలో సందేశము పంపుట మిక్కిలి కఠినమైనది. సందేశమునకు సంఖ్య, బయలుదేఱిన చోటు, కాలము, పదముల లెక్క, చిరునామా, సంతకము ఉండవలెను. అందుకొనినవాడు పదములను లెక్కించి సరిచూచుకొనవలెను. పేరు స్పష్టముగా లేనిచో అక్షరమక్షరము ఆల్ఫా, బ్రావో, చార్లీ అనుచు విడమరచి చెప్పవలెను. సందేశములన్నిటిలో తప్పులకు ఎక్కువ తావిచ్చునది మనుష్యుల పేరు.

గోపాలపురము మొదలు పూరీ వఱకు గల తీరమున తరతరములుగా తెలుగు మాటలాడు జాలరి కుటుంబములున్నవి. ఒక్క పేటలో అప్పన్న, అప్పలస్వామి, అప్పలరాజు, అప్పయ్య కలిసి వసింతురు. తెలుగువారికి ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనుక. తెలియనివాడు ఇంటిపేరునే పేరుగా వ్రాసినచో, ఒకే ఇంటిపేరు గల ఇరువదిమంది ఒక్కడుగా మాఱుదురు. బ్రదికినవాడు తప్పిపోయినవారి పట్టికలో చేరును. భయముతో నున్న ముసలితల్లి తన మాటలో తన గోడు చెప్పుకొనును గాని అధికారుల భాషలో చెప్పలేదు. ఆ తల్లి తెలుగును విని, కలెక్టరు కార్యాలయమునకు ఒడియాలో తెలుపగలవాడెవడు? తమిళనాట నైనను, కన్నడసీమ నైనను, మహారాష్ట్రమున నైనను ఇదే ప్రశ్న. ఇంట ఒక భాషయు, వీధిలో ఒక భాషయు పుట్టుకతో నేర్చిన మన పిల్లలే ఆ పనికి తగినవారు. రెండు భాషల నడుమ పెరుగుట భారమని మనము తఱచు వాపోవుచుందుము. ఆపద్దినమున అది ఒక జిల్లా కంతటికి ఉపకరించు శక్తి. దానిని మన వారికి మాత్రమే కాక, ఇరుగుపొరుగు వారందఱికిని వినియోగింపవలెను; మనకు ఆశ్రయమిచ్చిన నేలకు మనము చెల్లింపగల ఋణమది.

కావున మూడు పనులను సభవారి యెదుట నుంచుచున్నాను.

మొదటిది: మన ప్రతి ఊరిలోను కనీసము ముగ్గురు యువజనులు హాము పరీక్షకు కూర్చుండవలెను. పండ్రెండేండ్లు నిండినవారు అర్హులు. విద్యుత్తును, రేడియోను గూర్చిన ప్రాథమిక జ్ఞానమును, నియమములును అందు పరీక్షింతురు. ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము శ్రద్ధగా చదివినవారికి అది దుస్సాధ్యము కాదు. అనుమతి లేనివారు యంత్రమును ముట్టి మాటలాడరాదు. వినుటకును, తీగ కట్టుటకును, పట్టిక వ్రాయుటకును రావచ్చును.

రెండవది: ఏటేటా ఆగస్టు వారాంతమున ఒక్క రాత్రి, ఒక్క పగలు ఆరుబయట శిబిరము నడుపవలెను. మన గోపాలపురమున దీపస్తంభమున్నది. అక్టోబరు తుపానులకు ముందు రెండు నెలల వ్యవధి యుండును. బయటపడిన లోపములను సరిదిద్దుకొనుటకు ఆ వ్యవధి చాలును. ప్రతి శిబిరమునను కనీసము పది సందేశములను తెలుగు పేర్లతో పంపి, అవతల ఎన్ని సరిగా చేరెనో సరిచూడవలెను.

మూడవది: ప్రతి పేటలోని కుటుంబముల పేర్లను, ఇంటిపేరు వేఱుగా, అసలు పేరు వేఱుగా, తెలుగున ఒకసారియు, ఆ రాష్ట్రపు భాషలో ఒకసారియు వ్రాసిన పట్టికను సంఘము సిద్ధము చేయవలెను. దీనికి యంత్రము అక్కఱలేదు, పరీక్ష అక్కఱలేదు. మన పెద్దలు, గృహిణులు రేపటినుండియే మొదలుపెట్టవచ్చును.

ఒక హెచ్చరిక చేసి ముగించెదను. హాములు ప్రభుత్వమునకు బదులు కారు. వారు జిల్లా అధికారుల ఆజ్ఞకు లోబడి పనిచేయవలసిన సేవకులు మాత్రమే. పిలువని చోటికి యంత్రములతో పరుగెత్తి, రక్షకులకు తామే భారమగుట సేవ కాదు. ముందుగానే అధికారులకు మన పేర్లు, పిలుపు గుర్తులు తెలిపి, పిలుపు వచ్చినప్పుడు సిద్ధముగా నుండుట సేవ.

ఎన్నో ఏండ్లు శిబిరములు నడిపినను ఆ పిలుపు రాకపోవచ్చును. రాకుండుటే మన కోరిక. అంత వఱకు ఈ సాధనవలన మన పిల్లలు కొంత శాస్త్రము నేర్తురు, నాలుగు ఊళ్ల స్నేహితులను సంపాదింతురు, తెలుగు పేర్లను తప్పులేకుండ పలుకుటయు వ్రాయుటయు నేర్తురు. అదియు తక్కువ లాభము కాదు.